ఆమోదం పొందిన మోత

రాష్ట్ర చింతపండు అభివృద్ధి మండలి చైర్మన్ విజయగోపాలరాజు గారు ఏదో కొండమీది హోటల్లో జరిగిన శిక్షణకి వెళ్లొచ్చారు. వెళ్లేటప్పుడు మనలాంటి మనిషే. వచ్చేటప్పుడు మాత్రం ప్రమాణీకరణ అంటించుకుని వచ్చారు.

ప్రమాణీకరణ అంటే కంగారు పడాల్సిందేమీ లేదు. ఈ సృష్టిలో ప్రతి వస్తువుకీ ఒక ఉత్తమ స్థితి ఉంటుందట. అదేదో ఒకసారి కనిపెట్టేసి, మళ్లీ ఎవడూ కెలక్కుండా లక్కతో సీలు వేసేస్తే, ఆ పైన అంతా ఉత్తమంగానే ఉంటుందట. వింటే ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. అలా అనిపించడమే దాంతో వచ్చిన తంటా.

కాకినాడ ప్రధాన కార్యాలయంలో మొదటి దెబ్బ ఫ్యాన్లకి పడింది. మే నెలలో పరిశీలన జరిపి, ఐదో నంబరే ఉత్తమమని తేల్చి, రెగ్యులేటర్ల మీద లక్క పోశారు. డిసెంబరు వచ్చేసరికి గుమాస్తాలు చెవులకి మఫ్లర్లు చుట్టుకుని, ఎగిరిపోతున్న కాగితాల మీద మోచేతులు ఆనించి పని చేశారు. తరవాత కిటికీలు, కుర్చీలు, క్యాంటీన్ టీలో పంచదార. గోడ గడియారం వంతు వచ్చినప్పుడు సాయంత్రం ఐదు గంటలే దాని ఉత్తమ స్థితి అని సిబ్బంది ఏకగ్రీవంగా రాసిచ్చారు గాని, ఎందుకో ఆ ఫైలు మళ్లీ కిందికి రాలేదు.

లక్క కరిగించే బాధ్యత పరిపాలనాధికారి పేరిశాస్త్రి గారిది. ఇంట్లో భార్య కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే "విషయము పరిశీలనలో ఉన్నది" అనే మనిషి ఆయన. సీలు గురించి ఆయన జారీ చేసిన ఉత్తర్వులో ఒకటే వాక్యం. "మండలి ఉద్యోగి ఎవరైనను సీలు వేయబడిన ఉత్తమ స్థితికి భంగము కలిగించినచో, సదరు ఉద్యోగి తక్షణ సస్పెన్షనునకు అర్హుడగును." ఆ అర్హత సంపాదించడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఇక మన జెకర్యా సంగతి. అతను డిస్పాచ్ సెక్షన్లో జూనియర్ అసిస్టెంటు. చర్చిలో పాటల బృందం పక్కన నిలబడి గిటారు నేర్చుకున్నాడు. కవర్ల మీద స్టాంపులు అంటిస్తున్నప్పుడు కూడా ఎడమచేతి వేళ్లు గాల్లో తీగలు నొక్కుతూనే ఉంటాయి. మండలికి ఉద్యోగుల ఆర్కెస్ట్రా ఒకటి ఉంది. అందులో గిటారు ఇతనిది. బేస్ గిటారు జీపు డ్రైవరు సుభానీది. డ్రమ్స్ అటెండరు కొండలువి. పాట, టైపు సెక్షన్ సూపరింటెండెంటు శేషరత్నం గారిది.

రత్నం గారు సొంతంగా కట్టుకున్న పాట ఒకటుంది. పడవ రేవు దాటిపోతుంటే ఒడ్డున మిగిలిపోయిన అమ్మాయి పాట. రెండో చరణం అయ్యాక చిన్న గిటారు బిట్టు వస్తుంది. అక్కడ పాట ఒక మెట్టు పైకెక్కుతుంది. ఆ బిట్టులో ఆఖరి స్వరం చెవిన పడితేనే ఆవిడకి మూడో చరణానికి శ్రుతి అందేది. కాని మండలి వారి పాత యాంప్లిఫయర్లోంచి అది వినపడి చస్తేనా! అందుకని అక్కడికి రాగానే ఆవిడ జనాన్ని వదిలేసి పక్కకి తిరిగి, జెకర్యా వేళ్లు ఎక్కడున్నాయో చూసి, అంచనాగా ఎత్తుకునేవారు. ఒక్కోసారి కుదిరేది. ఒక్కోసారి పడవ ఒక దారి, అమ్మాయి ఒక దారి.

మండలి స్వర్ణోత్సవం, రత్నం గారి రిటైర్మెంటు ఒకే రోజున పడ్డాయి. ఏళ్ల తరబడి ఆవిడ కొత్త యాంప్లిఫయర్ కోసం అర్జీలు పెడుతూనే ఉన్నారు. స్వర్ణోత్సవం పుణ్యమా అని ఇన్నాళ్లకి మంజూరైంది.

"అబ్బాయ్ జెకరయ్యా, ఇన్నేళ్లూ ఆ మూడో చరణం నీ వేళ్లు చూసి పాడాను. జనం మొహం ఎలా ఉంటుందో ఒక్కనాడూ చూడలేదు. ఈ ఆఖరిసారైనా నీ బిట్టు చెవులారా విని, వాళ్ల వైపు చూసి పాడాలని ఉందయ్యా. అంతకన్నా నాకేం వద్దు" అన్నారు రత్నం గారు.

"మీకెందుకండీ, ఊరంతా వినపడేలా వాయిస్తాను కదా!" అన్నాడు జెకర్యా. మాటిచ్చినప్పుడు అతనికి నిజంగానే గుండె నిండిపోయింది.

కొత్త యాంప్లిఫయర్ వచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, నెత్తిన వరసగా నాబులు. దాన్ని చింతపండు బస్తాల గోదాములో దింపించి, తలుపు చేరవేసుకుని, జెకర్యా ఒక్కడే కూర్చుని తిప్పడం మొదలెట్టాడు. బేస్ నాబు పెంచాడు. నేల అదిరింది, పెంచాడు. గెయిన్ అని ఒకటుంటుంది, స్వరానికి కారం పట్టించేది, దాన్నీ ఎడాపెడా పెంచాడు. మిడిల్ అనేది కాస్త గరుగ్గా, ముక్కుతో మాట్లాడినట్టు ఉంది. ఛీ అనుకుని పూర్తిగా దించేశాడు. వాల్యూం సగం దాకా పెట్టి తీగ మీటాడు. అమ్మమ్మా, ఏం చెప్పమంటారు! సింహం జున్ను తిని ఆవలించినట్టుంది. తన చేతుల్లోంచి ఇంత మోత వస్తుందని అతనికే తెలీదు. కళ్లు మూసుకుని ఒకటే మీటుడు.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా చైర్మన్ గారు, ఆయన వెనక పేరిశాస్త్రి గారు. చైర్మన్ గారి చెంపల మీద నీళ్లు.

"ఇదీ! కొండమీద శిక్షణలో చెప్పింది దీని గురించే! ఉత్తమ స్థితి అంటే ఇదేనయ్యా!" అంటూ ఆయన జెకర్యా భుజం పట్టుకుని ఊపేశారు. "శాస్త్రి గారూ, లక్క!"

అయిదు నిమిషాల్లో నాబులన్నింటి మీదా ఎర్రటి లక్క, దాని మీద మండలి ముద్ర. అప్పుడు జెకర్యా బాధపడ్డాడనుకునేరు. పొంగిపోయాడు. తన సౌండుకి ప్రభుత్వ ముద్ర! ఆ రోజు ఇంటికెళ్లి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మర్నాడు అందరూ కలిసి రిహార్సల్‌కి కూర్చున్నారు. పాట సగంలో సుభానీ చెయ్యెత్తి ఆపించాడు.

"ఏరా, నువ్వు వాయించవేం?"

"వాయిస్తున్నాను కదరా!"

"ఎక్కడా?"

మళ్లీ వాయించారు. జెకర్యా చెవులు రిక్కించాడు. కింద ఏదో గుర్రుమంటోంది, అది తనదో సుభానీదో తేలడం లేదు. పైన ఏదో బుస్సుమంటోంది, అది తనదో కొండలు తాళాలదో తెలియడం లేదు. బిట్టు వచ్చింది, పోయింది. రత్నం గారు పాపం అలవాటుగా పక్కకి తిరిగి అతని వేళ్లకేసి చూశారు.

"నీ బేస్ అంతా వచ్చి నా ఇంట్లో కూకుందిరా" అన్నాడు సుభానీ. "కింద నువ్వూ నేనూ తన్నుకుంటన్నాం. నువ్వుండాల్సింది మజ్జిలో. అక్కడేమో తాళం ఏసేసి ఉంది. ఒక్కడివే వాయించుకుంటే బానే ఉంటది గానీ, నలుగురితో కాదిది."

"గదిలో కూకుని అద్దంలో మీసం దువ్వుకున్నట్టుందండి బాబూ" అన్నాడు కొండలు. "మీకే కనపడద్ది."

జెకర్యాకి రోషం వచ్చింది. తరవాత సిగ్గేసింది. ఎందుకంటే వాళ్లు చెప్పింది నిజం. కాస్త బేస్ తగ్గించి, మిడిల్ పెంచితే చాలు, తన సౌండు పాటలో కూర్చుంటుంది. చెయ్యి నాబు దాకా వెళ్లింది. గట్టిగా, చల్లగా లక్క తగిలింది.

పేరిశాస్త్రి గారు విన్నపం విని, కళ్లజోడు సర్దుకున్నారు.

"సీలు విప్పుట వీలుపడదు."

"మిగతావాళ్లతో కలిస్తే వినపడటం లేదండి."

"ఆమోదము పొందిన ధ్వని వినపడకపోవుట అసంభవము. ఒకవేళ వినపడనిచో దోషము ధ్వనియందు కాక, ఇతరత్రా ఉండవలెను. విషయము ధ్వని సమన్వయ సంఘమునకు నివేదించబడును."

ఆ సంఘం అప్పుడే పుట్టింది. అందులో పేరిశాస్త్రి గారు, ఒక అకౌంట్సు ఆఫీసరు, నాలిక మీద వేసుకుని చింతపండు పులుపు చెప్పే ఇన్‌స్పెక్టరు ఉన్నారు. ముగ్గురూ రిహార్సల్ గదికొచ్చి కుర్చీలు వేసుకున్నారు. పేరిశాస్త్రి గారు సుభానీ ముందు నిలబడ్డారు.

"ధ్వని ఆమోదము పొందిన సదరు తేదీన గోదామునందు ఈ బేస్ గిటారు ఉన్నదా?"

"లేదండి. నేను జీపులో ఉన్నానండి" అన్నాడు సుభానీ.

"ఆ రోజున లేనిది ఈ రోజున ఎందుకున్నది?"

ఈ ప్రశ్నకి సంగీతంలో జవాబు లేదు. సుభానీ ఇకపై వేదిక మీద ఉండవచ్చును గాని వాయించరాదని తీర్మానించారు. పొరపాటున కూడా మోగకుండా తీగలు విప్పించేశారు.

"తీగల్లేని గిటారు పట్టుకుని నేనెందుకండీ అక్కడ?"

"మంజూరైన స్థానము. ఖాళీగా చూపరాదు."

తరవాత కొండలు. ముందు డ్రమ్ముల మీద చింతపండు గోనెలు కప్పారు. ఇంకా మోగుతున్నాయన్నారు. కర్రలకి దూది చుట్టారు. ఇంకా అన్నారు. చివరికి సంఘం ఏకాభిప్రాయానికి వచ్చి, "కర్రలు ఎత్తవచ్చును, దించరాదు" అని ఉత్తర్వు ఇచ్చింది. కొండలు రెండు చేతులూ పైకెత్తి దొంగలకి దొరికిపోయినవాడిలా కూర్చున్నాడు.

"ఇలాగ ఎంతసేపండి?"

"ఉత్సవము ముగియు వరకు."

ఇక్కడ జెకర్యా గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఇదంతా జరుగుతుంటే అతను తల దించుకుని ఉన్న మాట నిజం. కాని మిగతావాళ్లు ఒక్కొక్కరే ఆగిపోతున్నకొద్దీ తన మోత మళ్లీ పైకి తేలింది. గోదాములో మోగినట్టే మోగింది. ఆ జున్ను, ఆ సింహం. లోపలెక్కడో ఒక వెధవ సంతోషం కూడా తేలింది. సుభానీ అతని మొహం చూసి కనిపెట్టేశాడు. తీగల్లేని గిటారు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆఖరికి రత్నం గారి వంతు వచ్చింది. పేరిశాస్త్రి గారు గొంతు సవరించుకున్నారు.

"సదరు తేదీన గోదామునందు తమరి గాత్రము లేదు. అయితే తమరి సుదీర్ఘ సేవలను దృష్టియందుంచుకుని, తమరు పాడుటకు అభ్యంతరము లేదు. మౌనముగా పాడవలెను."

"అంటే?"

"పెదవులు కదల్చవచ్చును."

"నోరు మూసుకుని పాడమంటారు, అంతే కదండీ. ఈ ఆఫీసులో ఇన్నేళ్లుగా చేసిందదేగా" అన్నారు రత్నం గారు. లేచి కొంగు దోపుకుని టైపు సెక్షన్‌కి వెళ్లిపోయారు. కాసేపటికి అక్కణ్నుంచి మామూలు కన్నా గట్టిగా టకటకలు వినిపించాయి.

జెకర్యా ఒక్క ఉదుటున చైర్మన్ గారి గదికి పరిగెత్తాడు.

"అయ్యా, ఆవిడ పాటకోసమే ఆ యాంప్లిఫయర్ తెప్పించాం. ఇప్పుడు దానికోసం ఆవిడ పాటే ఆపేస్తే ఎలాగండీ? నా సౌండు తీసేయండి. నాకొద్దు."

చైర్మన్ గారు మనిషి చెడ్డవాడు కాదు. ప్రేమగా కుర్చీ చూపించారు. ఎత్తు సీలు వేసిన కుర్చీ కావడంతో జెకర్యా కాళ్లు నేలకి అందలేదు.

"పిచ్చివాడా, మనం ఎవరి సౌండు కాపాడుతున్నామయ్యా? నీది కాదూ? అలాంటి సౌండు పెట్టినవాడివి, నువ్వే వద్దంటే ఎలా? మహానుభావులందరికీ ఉండే వినయమే ఇది. వెళ్లు, వెళ్లి ప్రాక్టీసు చేసుకో."

జెకర్యా కుర్చీ దిగి బయటికి నడిచాడు. తన మోతే తన నోరు మూసేసింది. క్యాంటీన్లో రత్నం గారు ఒక్కరే టీ తాగుతున్నారు. ఎదురుగా కూర్చుని, "నన్ను తిట్టండమ్మా" అన్నాడు.

"తిట్టడమెందుకూ? నీ సౌండు బావుందయ్యా. నిజంగానే బావుంది" అన్నారావిడ. గ్లాసు కింద పెట్టి, "కాని అందులో నాకు చోటేదీ?" అన్నారు.

అడిగింది మామూలుగానే. జెకర్యా మాత్రం టీ చెప్పుకోకుండానే లేచి వెళ్లిపోయాడు.

స్వర్ణోత్సవం రోజు వచ్చింది. మధ్యాహ్నం సంఘం వారు సభాభవనంలో చివరి తనిఖీ చేశారు. జెకర్యా తీగ మీటాడు. పులుపు ఇన్‌స్పెక్టరు చెవిలో వేలు పెట్టుకుని తిప్పి, "ఏదో తేడాగా ఉందండి" అన్నాడు. గోదాములో మెత్తగా మోగింది ఇక్కడ ఖంగుమంటోంది. పేరిశాస్త్రి గారు ఆలోచించారు. సదరు తేదీన గోదామునందు ఏమున్నవి? చింతపండు బస్తాలు. ఈ హాల్లో ఏమున్నవి? కుర్చీలు. కాసేపట్లో ఏముండబోవుచున్నవి? మనుషులు.

"మనుషులు సదరు తేదీన లేరు" అన్నారు పేరిశాస్త్రి గారు.

లారీలో బస్తాలు దిగాయి. ఒక్కో కుర్చీలో ఒక్కో బస్తా. మొదటి వరసలో ఏవి కూర్చోవాలన్న దగ్గర కొంచెం తగాదా వచ్చింది. గింజ తీసిన మేలు రకం ముందు, తొక్కతో ఉన్నవి వెనక అని రకాల వారీగా సర్దారు. ముఖ్య అతిథి కుర్చీలో పోయినేడు బహుమతి పొందిన బస్తాని కూర్చోబెట్టి, తెచ్చిన దండ తెచ్చినట్టే దానికి వేసేశారు. ముఖ్య అతిథి గారిని, ఉద్యోగుల్ని, వాళ్ల పెళ్లాం పిల్లల్ని సగౌరవంగా బయట సైకిల్ స్టాండు కిందికి పంపించారు. సుభానీ, కొండలు, రత్నం గారు కూడా సదరు తేదీన గోదాములో లేనివారే కాబట్టి, వాయిద్యాలు మోసుకుని వేదిక దిగి వాళ్ల వెంటే వెళ్లాల్సి వచ్చింది. చేతులు దించుకోవచ్చని తెలిసి కొండలు ఆనందంతో ఈలేశాడు.

పొద్దుగూకే వేళకి హాల్లో మిగిలింది చైర్మన్ గారు, పేరిశాస్త్రి గారు, జెకర్యా. ముగ్గురూ ఆ రోజున ఉన్నవారే.

"కానీయవయ్యా" అన్నారు చైర్మన్ గారు, బస్తాల మధ్య సర్దుకుంటూ.

జెకర్యా మీటాడు. అచ్చం గోదామే. తేడా ఉంటే ఒట్టు. చైర్మన్ గారు కళ్లు మూసుకున్నారు. జెకర్యా ఎదురుగా చూశాడు. వరసల కొద్దీ బస్తాలు మూతులు బిగించుకుని కూర్చున్నాయి. ఇంత అందమైన మోత పుట్టాక ఇంత దరిద్రంగా ఎప్పుడూ అనిపించలేదు అతనికి. ఊరంతా వినపడేలా వాయిస్తానని ఎవరికి మాటిచ్చాడు? ఎవరికి వాయిస్తున్నాడు?

అప్పుడే కిటికీలోంచి బయటి సందడి వినపడింది. ఉపన్యాసాల కోసం పిలిపించిన మైకుసెట్టు నూకరాజు సామానంతా సైకిల్ స్టాండుకి మార్చేసినట్టున్నాడు. సుభానీ బేస్ తీగలు బిగించి శ్రుతి చేస్తున్నాడు. కొండలు ఇన్ని రోజుల కసీ తీర్చుకుంటున్నాడు. మధ్యలో రత్నం గారు మెల్లగా గొంతు సవరించుకుంటున్నారు.

జెకర్యా యాంప్లిఫయర్లోంచి గిటారు వైరు పీకేశాడు.

"ఎక్కడికి?" అన్నారు పేరిశాస్త్రి గారు.

"మావాళ్ల దగ్గరికండి."

పేరిశాస్త్రి గారు ఉత్తర్వు తీసి చదువుకున్నారు. అందులో యాంప్లిఫయర్ ఉంది, నాబులు ఉన్నాయి, లక్క ఉంది. గిటారిస్టు ప్రస్తావన ఎక్కడా లేదు. సీలు చెక్కు చెదరలేదు. అభ్యంతరమేమీ కనపడకపోవడంతో ఆయన తల ఊపారు. వైరు పీకిన యాంప్లిఫయర్ ఒంటరిగా జుమ్మని మూలుగుతోంది. "ఇది కూడా ఆమోదిత స్థితియే" అని చైర్మన్ గారికి మనవి చేసుకున్నారు. ఇద్దరూ బస్తాలతో పాటు శ్రద్ధగా వింటూ కూర్చున్నారు.

జెకర్యా వచ్చేసరికి పాట మొదలైపోయింది. నూకరాజు దగ్గర పెళ్లి ఊరేగింపుల్లో కీబోర్డుకి వాడే పాత పెట్టె ఉంది. దానికి వైరు తగిలించి, అలవాటు కొద్దీ బేస్ పెంచి, మిడిల్ దించి అందుకున్నాడు. మొదటి చరణం. మళ్లీ అదే గుర్రు, అదే బుస్సు. తన వేళ్లు ఆడుతున్నాయి, తను ఎక్కడా లేడు. రెండో చరణం వచ్చేసింది. రత్నం గారి మెడ మెల్లగా అతని వైపు తిరగడం మొదలెట్టింది.

"నూకరాజూ! తిప్పవయ్యా బాబూ! నాకు చేతులు ఖాళీ లేవు!" అని అరిచాడు జెకర్యా. "ఆ ఎడమవైపుది తగ్గించు!"

"ఇదా?"

"అది కాదు, దాని పక్కది! తగ్గించు, ఇంకా తగ్గించు!"

బేస్ దిగింది. సుభానీ మొహం విచ్చుకుంది. "హమ్మయ్య, నా ఇల్లు ఖాళీ చేశాడ్రా!"

"ఇప్పుడు గెయిన్! ఆ కారం తగ్గించు!"

కారం దిగింది. కొండలు తాళాలు తళుక్కుమన్నాయి.

"ఇప్పుడు మధ్యలోది పెంచు! పెంచవయ్యా!"

"పెంచితే చీదేసినట్టుందండి బాబూ, ఇదేం సౌండు, నా పెట్టెకి పరువు నష్టం!" అని లబలబలాడాడు నూకరాజు. అతను చెప్పింది అబద్ధం కాదు. విడిగా వింటే రేకు డబ్బాలో కందిరీగ. గోదాములో అయితే జెకర్యా దాన్ని చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. అయినా పళ్లు బిగబట్టి, "పెంచు!" అన్నాడు.

రెండో చరణం అయిపోయింది. బిట్టు వచ్చింది.

వినపడింది! బేస్‌కి పైన, తాళాలకి కింద, ఇన్నేళ్లుగా ఖాళీగా పడి ఉన్న చోట్లో కూర్చుని, ఒక్కో స్వరం ఒక్కో మెట్టెక్కి పైకి పోయింది. సన్నగా ఉంది, తేటగా ఉంది, సైకిల్ స్టాండు చివరన చంకలో పిల్లతో నిలబడ్డ తల్లికి కూడా వినపడింది. రత్నం గారి మెడ తిరుగుతూ తిరుగుతూ సగంలో ఆగిపోయింది. ఆవిడ అతని వేళ్లు చూడలేదు. మొహం మళ్లీ జనం వైపు తిప్పుకున్నారు. ఆఖరి స్వరం చెవినపడగానే మూడో చరణం ఎత్తుకున్నారు. ఎక్కడా తడుముకోకుండా, తిన్నగా, పడవ దాటిపోయేదాకా పాడారు. జనం మొహాల్లో ఏం చూశారో గాని, పాడుతూ పాడుతూనే ఆవిడకి నవ్వొచ్చేసింది. జెకర్యాకి ఏడుపొచ్చింది. ముఖ్య అతిథి గారు దండ లేదన్న సంగతి మరిచిపోయి చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగకముందే చైర్మన్ గారు హాల్లోంచి పరిగెత్తుకొచ్చారు. చెంపల మీద మళ్లీ నీళ్లు.

"ఇదీ! ఇదేనయ్యా అసలైనది! అదంతా తప్పు! ఇదే ఉత్తమ స్థితి! శాస్త్రి గారూ, లక్క!"

పేరిశాస్త్రి గారు అప్పటికే కొవ్వొత్తి వెలిగించుకుని వస్తున్నారు.

"నా పెట్టెకి లక్కేంటండీ బాబూ! రేపు బారసాల ఉంది నాకు!" అని నూకరాజు గోల పెట్టాడు.

జెకర్యా వంగి, నాలుగు నాబులూ చేతికొచ్చినట్టు తిప్పేశాడు. పేరిశాస్త్రి గారు వాటి మీదే భక్తిగా లక్క పోసి, ముద్ర కొట్టి, కాలిన వేలు నోట్లో పెట్టుకున్నారు.

"అయ్యో అబ్బాయ్, అంత బాగా కుదిరిందాన్ని పాడు చేసేశావేంటయ్యా?" అన్నారు రత్నం గారు.

"అది ఆ పాటకి పెట్టిందండి. ఆ పాట అయిపోయింది కదా."

రత్నం గారు మళ్లీ మైకు దగ్గరికి జరిగారు. "అయితే ఇంకో పాట పాడతాను. దానికి పెట్టు."

"ఎలా పెడతాడండి, లక్క పడిపోయింది కదా" అన్నాడు కొండలు.

"ఏమర్రా, సీలు విప్పిన ఉద్యోగికి కదా సస్పెన్షను?" అంటూ ఆవిడ తల్లోంచి పిన్ను తీశారు. "నన్ను ఐదింటికి ఉద్యోగం నుంచి విడుదల చేస్తున్నట్టు శాస్త్రి గారే పొద్దున సంతకం పెట్టారు. ఐదు దాటి చాలాసేపయింది."

పిన్ను గుచ్చి ఒక్క పెళ్లగింపు పెళ్లగిస్తే లక్క పెచ్చు ఎగిరి వెళ్లి చైర్మన్ గారి బూటు దగ్గర పడింది. పేరిశాస్త్రి గారు నోరు తెరిచారు. ఉద్యోగి కాని మనిషి మీద ఏ నిబంధన కింద ఏ చర్య తీసుకోవాలో గుర్తు చేసుకుంటున్నారు. ఆయనకి అది గుర్తొచ్చే లోపల కొండలు కర్రలు కొట్టి లెక్క అందించాడు. జెకర్యా నాబు మీద చెయ్యి వేసి, ఆవిడ ఏం పాడతారో వినడానికి చెవులు రిక్కించాడు.